ఎపిక్యురస్ తోట: ‘ఇది చాలు’ అని ఎప్పుడు అనుకోవాలి?

పాత లెడ్జరు · ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే తప్ప పెద్దగా రాసింది లేదు. ఈసారి ఒక ప్రశ్న అడగాలనిపించింది.

నాకు 47. మియాపూర్‌లో ఉంటాం. ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఉన్న ఫ్లాటు మీద లోను ఇంకా ఆరేళ్లుంది. పోయిన నెల శంకర్‌పల్లి వైపు ఒక ప్లాటు చూసొచ్చాం. అడ్వాన్సు చెక్కు రాసి, సంతకం పెట్టి బీరువాలో పెట్టాను. ఇంకా ఇవ్వలేదు.

ఆ వారంలోనే గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ మాటలు కొన్ని చదివాను. అందులో ఒకటి పట్టుకుంది. దాని సారాంశం ఇది: ప్రతి కోరికనూ నిలబెట్టి అడుగు, నువ్వు తీరితే నాకేమవుతుంది, తీరకపోతే నాకేమవుతుంది అని. అలవాటు కొద్దీ నోట్‌బుక్‌లో నిలువుగా గీత గీసి రెండు కాలమ్స్ చేశాను. ‘తీరితే’ వైపు మూడు లైన్లు వచ్చాయి. పిల్లల భవిష్యత్తు, రేటు పెరుగుతుంది, తోడల్లుడి ముందు మాట పడక్కర్లేదు. మూడోది రాసేటప్పుడు చెయ్యి ఆగింది, అయినా రాశాను. ‘తీరకపోతే’ వైపు అరగంట కూర్చున్నా ఒక్క లైను రాలేదు.

పెళ్లాం పిల్లలు, అమ్మ, ఆఫీసు ఉన్నవాడు ఈ మనిషి చెప్పినట్టు బతకగలడా? లేక ఆయనలా తోటలో కూర్చున్నవాళ్లకే చెల్లే మాటలా ఇవి? తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్త రెక్కలు · ఆదివారం, రాత్రి 11:05

ఎపిక్యురస్ అంటే తిను, తాగు, అనుభవించు అన్న ఆయనే కదండీ? మన చార్వాకుల టైపు. ఆయన మాట వింటే ప్లాటుతో పాటు కారు కూడా కొనమంటాడేమో కదా!

లైబ్రరీ మెట్లు · సోమవారం, ఉదయం 6:15

తమ్ముడూ, ఆ పేరు ఆయనకు శత్రువులు పెట్టిపోయింది. ఆయన బతికుండగానే మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు. నేను గుంటూరులో ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఎపిక్యురస్ పేరెత్తగానే ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు ఇదే మాట అనేవారు. అందుకే కాస్త విపులంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఎపిక్యురస్ క్రీస్తుపూర్వం 341లో సామోస్ ద్వీపంలో పుట్టాడు. ముప్ఫై అయిదేళ్ల వయసులో ఏథెన్స్ వచ్చి ఊరి గోడ బయట ఒక తోట కొన్నాడు. ధర అప్పటి గ్రీకు డబ్బులో ఎనభై మీనాలు, అంటే 8,000 ద్రాక్మాలు. బడికి ఆ తోట పేరే నిలిచిపోయింది. రోమన్ రచయిత సెనెకా ఒక ఉత్తరంలో ఆ తోట సంగతి చెబుతాడు: వచ్చినవాడికి గుమ్మం మీద ‘ఇక్కడ సుఖమే పరమార్థం’ అన్న రాత కనిపిస్తుంది. ఆశపడి లోపలికి వెళితే కాపలాదారు బార్లీ జావ పెట్టి, కడుపునిండా మంచినీళ్లు ఇస్తాడు. ఇచ్చి, ‘మర్యాద బాగా జరిగిందా?’ అని అడుగుతాడు. అది వెటకారం కాదు. ఈ తోట ఆకలి తీరుస్తుంది, కొత్త ఆకలి రేపదు అని చెప్పడం.

విందు చేసుకోవాలనిపిస్తే ఆయన స్నేహితుడికి రాసింది ఇదీ: ఒక చిన్న కుండెడు జున్ను పంపు, కావాలన్నప్పుడు పండగ చేసుకుంటాను. (ఇక్కడ జున్ను అంటే మన జున్నుపాల జున్ను కాదు, చీజ్.)

కోరికల్ని ఆయన మూడు గుంపులు చేశాడు. సహజమైనవి, తప్పనిసరైనవి మొదటివి: ఆకలికి తిండి, దాహానికి నీళ్లు, చలికి బట్ట. సహజమే గానీ తప్పనిసరి కానివి రెండోవి: తిండి ఎలాగూ కావాలి, అది బిర్యానీయే కానక్కర్లేదు. సహజమూ కాక, తప్పనిసరీ కాక, ఊరికే తలలో పుట్టుకొచ్చేవి మూడోవి: కీర్తి, పదవి, అంతులేని డబ్బు. మొదటివాటికి ఒక హద్దు ఉంటుంది, కడుపు నిండగానే ఆగుతాయి. మూడోవాటికి హద్దే లేదు. ‘ఉన్నది చాలనుకోనివాడికి ఏదీ చాలదు’ అన్న అర్థంలో ఆయన మాట ఒకటి ఉంది.

ఇక చార్వాకుల సంగతి. అప్పు చేసైనా నెయ్యి తాగమన్నారని వాళ్లమీద నింద. వాళ్ల మాటలు మనకు ఎక్కువగా ప్రత్యర్థుల పుస్తకాల్లోంచే తెలుసు, కాబట్టి నిజం ఎంతో తేల్చడం కష్టం. ఎపిక్యురస్ అదృష్టం కొద్దీ ఆయన మూడు ఉత్తరాలు పూర్తిగా నిలిచాయి. చదివి చూడు తమ్ముడూ, నెయ్యి కోసం అప్పు చేయమనే మనిషి కాడని తెలుస్తుంది.

చెరువుగట్టు · సోమవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారు, మంచిగ చెప్పిన్రు. కానీ నాకొక అడ్డం ఉన్నది.

ఎనభై మీనాలు పెట్టి తోట కొన్నోడు ‘నాకు జావ చాలు’ అంటే సాగుతది. ఆ రోజుల్ల ఏథెన్స్‌ల కూలి మనిషికి దినానికి ఒకటి, రెండు ద్రాక్మాలు. 8,000 ద్రాక్మాలంటే వాడు ఏండ్లకేండ్లు కడుపు మాడ్చుకుంటే గాని రావు. మా నల్లగొండ జిల్లాల ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయినోళ్లకు పోయి ‘నీళ్లు దొరికితే చాలు, అదే సుఖం’ అని ఎవరన్న చెప్తరా? ఆ నీళ్ల కోసమే ఏండ్లు కొట్లాడినం. ఆయన ‘ఎవరి కంట పడకుండ బతుకు’ అన్నడంట, రాజకీయాలల్లకు పోవద్దన్నడంట. అందరు గట్లనే తోటల కూసుంటే నల్లా ఎవరు తెస్తరు?

అరిస్టాటిల్ జెర నయం. ఊరుతో సంబంధం లేకుంట బతికేటోడు పశువన్న కావాలె, దేవుడన్న కావాలె అన్నడు.

లైబ్రరీ మెట్లు · సోమవారం, రాత్రి 8:50

బాబూ, నీ మాటను కొట్టెయ్యను. ‘అజ్ఞాతంగా బతుకు’ అన్న సూత్రాన్ని తర్వాతి కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా గట్టిగానే తప్పుపట్టాడు. నేనైనా ఆ ఒక్క విషయంలో ఎపిక్యురస్‌తో పూర్తిగా ఏకీభవించలేను.

కానీ రెండు సంగతులు చూడు. నువ్వు మెచ్చిన అరిస్టాటిల్ పుట్టుకతోనే బానిసలైనవాళ్లు ఉంటారని రాశాడు. ఎపిక్యురస్ తోటలో ఆడవాళ్లు, బానిసలు కూడా కూర్చుని తత్వం మాట్లాడారు. మీస్ అనే ఆయన ఎపిక్యురస్ బానిస, అక్కడ చర్చల్లో పేరున్నవాడు. ఎపిక్యురస్ వీలునామాలో మీస్‌తో పాటు నికియాస్, లైకాన్, ఫీడ్రియం అనే ఆవిడ, మొత్తం నలుగురికి విముక్తి రాశాడు. బతికుండగానే ఎందుకు వదల్లేదని అడుగుతావేమో. అడగాల్సిన ప్రశ్నే.

రెండోది. క్రీస్తుపూర్వం 295 ప్రాంతంలో మాసిడోనియా సేనాని డిమీట్రియస్ ఏథెన్స్‌ను ముట్టడించాడు. ఊళ్లో గింజ లేదు. ఇంటి పైకప్పు నుంచి చచ్చిన ఎలుక పడితే తండ్రీకొడుకులు దానికోసం కొట్టుకున్నారని ప్లూటార్క్ రాశాడు. ఆ పేరాలోనే ఇంకో వాక్యం ఉంది: ఆ కరువులో ఎపిక్యురస్ చిక్కుడు గింజలు లెక్కపెట్టి తనవాళ్లందరికీ పంచుతూ బతికించుకున్నాడని. ఆయన సిద్ధాంతాన్ని చీల్చి చెండాడిన ప్లూటార్కే ఇది రాశాడు, కాబట్టి నాకు నమ్మబుద్ధేస్తుంది. తోట కొనడానికి డబ్బున్నవాడే కావచ్చు. గింజలు లెక్కపెట్టే రోజు వచ్చినప్పుడు కూడా మాట మార్చలేదు.

చెరువుగట్టు · సోమవారం, రాత్రి 9:30

గింజల సంగతి నాకు తెల్వదు మాస్టారు. గది విన్నంక ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. నల్లా సంగతి మాత్రం వాపస్ తీసుకోను.

నైట్‌డ్యూటీ సిస్టర్ · మంగళవారం, తెల్లవారు 4:10

నమస్తే అండి. మాది భీమవరం. మస్కట్‌లో యూరాలజీ వార్డులో పని. ఇప్పుడే రౌండ్సు అయ్యాయి.

మాస్టారు గారూ, ఎపిక్యురస్ కిడ్నీలో రాయితోనే చనిపోయారని ఎక్కడో చదివాను. నిజమేనా? ఎందుకు అడుగుతున్నానంటే, ఆయన ‘తీవ్రమైన నొప్పి ఎక్కువసేపు ఉండదు, ఎక్కువకాలం ఉండే నొప్పి భరించగలిగేదే’ అన్నారట. నేను ఒప్పుకోలేను. మూత్రం బిగుసుకుపోయి వచ్చిన మనిషిని ఎప్పుడైనా చూశారా? నిన్న రాత్రి యాభై ఏళ్ల లారీ డ్రైవర్ ఒకాయన. మంచం పట్టీ పట్టుకున్న చేతి వేళ్లు తెల్లగా పాలిపోయాయి. కూర్చోలేడు, పడుకోలేడు, నిలబడి గోడకు నుదురు ఆనించాడు. క్యాథెటర్ వేసి మూత్రం వచ్చాక పది నిమిషాలకు నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మాకు ఇంజెక్షన్లున్నాయి, ట్యూబులున్నాయి. ఆ రోజుల్లో ఏమున్నాయి? ఏళ్లతరబడి నొప్పితో ఉండే క్యాన్సర్ పేషెంటు దగ్గరకెళ్లి ఈ సూత్రం చెప్పడానికి నాకు నోరు రాదు.

అయినా ఒకటి నిజం. నొప్పి తగ్గిన ఆ పది నిమిషాల్లో అతని మొహం చూశాను. అతనికి ఆ క్షణంలో ప్లాటు వద్దు, బంగారం వద్దు. నొప్పి లేకపోవడమే సుఖం అని ఎపిక్యురస్ గారు అన్నది ఆ మొహంలో కనిపించింది.

లైబ్రరీ మెట్లు · మంగళవారం, ఉదయం 6:40

అమ్మా, నిజమే. మూత్రపిండంలో రాయి, పద్నాలుగు రోజుల బాధ. క్రీస్తుపూర్వం 270. చివర్లో కంచు తొట్టెలో గోరువెచ్చని నీళ్లలో కూర్చుని, నీళ్లు కలపని ద్రాక్షసారా అడిగి తాగి, నేర్చుకున్నవి మరవకండని స్నేహితులకు చెప్పి పోయాడట. గోరువెచ్చని నీళ్లు ఎందుకు అడిగి ఉంటాడో నాకంటే నీకే బాగా తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఇడోమెనియస్ అనే స్నేహితుడికి రాసిన ఉత్తరం ఉంది. మూత్రం కట్టేసింది, కడుపులో నొప్పి ఇంతకంటే ఎక్కువ ఉండదు అన్నంతగా ఉంది అని దాచకుండా రాశాడు. అయినా మనం మాట్లాడుకున్న మాటల జ్ఞాపకం వీటన్నిటికీ ఎదురు నిలబడుతోంది అన్నాడు. నొప్పి లేదనలేదు, చిన్నదనీ అనలేదు. సూత్రంగా చెప్పినప్పటికంటే అనుభవించి రాసినప్పుడు ఆయన ఎక్కువ నిజాయితీగా ఉన్నాడని నాకనిపిస్తుంది.

గన్నేరు చెట్టు · మంగళవారం, సాయంత్రం 5:25

ఇక్కడ నేను కొత్త. తప్పుగా అడిగితే క్షమించండి.

రెండేళ్ల క్రితం మా తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. 31 ఏళ్లు. పదకొండో రోజున దూరపు బంధువు ఒకాయన ఓదార్పుగా మెసేజ్ పెట్టారు, ఎపిక్టెటస్ అనే ఇంకో గ్రీకు తత్వవేత్త మాట అని. నీ బిడ్డను ముద్దు పెట్టుకునేటప్పుడు చనిపోయే మనిషినే ముద్దు పెట్టుకుంటున్నానని గుర్తుంచుకో, అప్పుడు పోయినా కలత చెందవు అని. చదివి ఫోను పక్కన పడేశాను. ఎపిక్యురస్ అయితే ‘మనం ఉన్నప్పుడు చావు లేదు, చావు వచ్చినప్పుడు మనం లేము’ అన్నారట. నా చావుకు అది సరిపోతుందేమో. వాడి చావు వచ్చినప్పుడు నేను ఉన్నానుగా? ఇప్పటికీ ఉన్నానుగా? ఈ గ్రీకు పెద్దలకు తోడబుట్టినవాళ్లు లేరా?

నైట్‌డ్యూటీ సిస్టర్ · మంగళవారం, సాయంత్రం 6:02

అక్కా, మీ ప్రశ్నలో తప్పేమీ లేదు. పదకొండో రోజున అలాంటి మెసేజ్ పంపకూడదు. ఎంత గొప్పవాళ్ల మాటైనా సరే.

లైబ్రరీ మెట్లు · మంగళవారం, రాత్రి 9:15

తల్లీ, రెండు గంటలుగా ఏం రాయాలా అని కూర్చున్నాను.

ఎపిక్టెటస్ బానిసగా పెరిగినవాడు, కుంటివాడు. మన చేతిలో ఉన్నదేది, లేనిదేది అని విడదీసుకోకపోతే ఆయన బతికేవాడే కాదు. అది తనను తాను తట్టుకోవడానికి తయారుచేసుకున్న కవచం. ముందుగా, ఎవరికి వారు తొడుక్కోవాల్సినది. దెబ్బ తగిలి పడిపోయినవాళ్ల మీద దాన్ని విసిరేస్తే ఇంకో దెబ్బే అవుతుంది. మీకు జరిగింది అదే.

ఎపిక్యురస్‌కు తోడబుట్టినవాళ్లున్నారమ్మా. ముగ్గురు తమ్ముళ్లు, ముగ్గురూ ఆయనతో తోటలోనే ఉన్నారు. తమ్ముళ్ల కోసం ఏటా ఒక రోజు జరపమని వీలునామాలో రాశాడు.

మీ ప్రశ్నకు సూటిగా తగిలేది ఇంకొకటి. ఆప్తులు పోతే ఏడవకూడదు, చలించకూడదు అనేవాళ్లతో ఎపిక్యురస్ వర్గంవాళ్లు గొడవపడ్డారని ప్లూటార్క్ రాశాడు. అసలు బాధే లేకుండా ఉండటం కఠినత్వం నుంచి వస్తుంది, అది దుఃఖం కంటే పెద్ద చెడు. కదిలిపోవడం, కళ్లు చెమర్చడం, కరిగిపోవడమే మేలు అని వాళ్ల వాదన. హెగెసియానాక్స్ అనేవాడు పోయినప్పుడు అతని ఇంటివాళ్లకు ఎపిక్యురస్ ఓదార్పు ఉత్తరం రాశాడని కూడా అక్కడే ఉంది.

ఆయనకు ప్రాణస్నేహితుడు మెట్రోడోరస్. తనకంటే చిన్నవాడు, బడికి తన తర్వాత దిక్కు అనుకున్నవాడు. ఏడేళ్లు ముందుగా పోయాడు. మెట్రోడోరస్ కొడుకు పేరు ఏమిటో తెలుసా? ఎపిక్యురస్. స్నేహితుడి పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లవాణ్ణి చూసుకోమని, ఆడపిల్లకు ఈడొచ్చాక మంచి మనిషిని చూసి పెళ్లి చేయమని, కట్నం తోట రాబడిలోంచి ఇవ్వమని ఎపిక్యురస్ వీలునామాలో రాశాడు. ఆ చివరి ఉత్తరంలోనూ, అంత నొప్పిలోనూ, ఆఖరి మాట ఇదే: మెట్రోడోరస్ పిల్లల్ని చూసుకో.

ప్రతి నెలా ఇరవయ్యో తారీఖున తోటవాళ్లంతా కలిసి కూర్చుని తనను, మెట్రోడోరస్‌ను తలుచుకోవాలని కూడా రాశాడు. ఆయన పోయిన తర్వాత కొన్ని వందల ఏళ్లు ఆ ఇరవయ్యో తారీఖు సాగింది. ఏథెన్స్‌లో వాళ్లను ‘ఇరవయ్యోవాళ్లు’ అని కూడా పిలిచేవారు.

కొత్త రెక్కలు · బుధవారం, ఉదయం 8:30

మాస్టారూ, నిన్న రాత్రి మీరు రాసింది మా రూములో పైకి చదివాను. ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. మొదట అలా తేలిగ్గా రాసినందుకు మన్నించండి.

ఒకటి నేనూ చెబుతాను. నాది కంప్యూటర్ పని. క్రీస్తుశకం 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై హెర్క్యులేనియం ఊరు కప్పబడిపోయినప్పుడు ఒక పెద్ద ఇంట్లో గ్రంథాల చుట్టలు బొగ్గులా మారాయి కదా. విప్పితే పొడైపోతాయి. వాటిని విప్పకుండానే స్కాన్ చేసి, కంప్యూటర్‌తో అక్షరాలు గుర్తించే పోటీ 2023లో పెట్టారు. మొదట బయటపడ్డ మాట ‘ఊదా రంగు’. 2024 ఫిబ్రవరిలో పెద్ద బహుమతి ముగ్గురు కుర్రాళ్లకు వచ్చింది. అప్పట్లో కోడ్ కోసమే చూశాను, విషయం పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కెళ్లి చదివితే ఆశ్చర్యం. ఆ చుట్టలో ఉన్నది ఎపిక్యురస్ దారివాళ్ల రాతేనట. తిండి లాంటివి అరుదుగా దొరికినంత మాత్రాన, సమృద్ధిగా దొరికేవాటికంటే ఎక్కువ సుఖమిస్తాయని మనం నమ్మం అని ఉంది. రెండు వేల ఏళ్లు బూడిద కింద ఉండి బయటికొచ్చిన మాట ఇదీ.

చెరువుగట్టు · బుధవారం, ఉదయం 9:05

తమ్మీ, మంచి ముచ్చట చెప్పినవ్.

గన్నేరు చెట్టు అక్కా, నేను కొట్లాటలల్ల ముగ్గురు దోస్తులను పోగొట్టుకున్న. ఏడ్సొద్దు అన్నోళ్లను నేను కూడ దగ్గరికి రానియ్యలే.

పాత లెడ్జరు · గురువారం, రాత్రి 10:15

నా ప్లాటు సంగతి ఇంతదూరం తీసుకొస్తుందనుకోలేదు. అమ్మా గన్నేరు చెట్టూ, మీ పోస్టు చదివాక నా ప్రశ్న చాలా చిన్నదనిపించింది.

మాస్టారూ, కుటుంబం ఉన్నవాడి సంగతి అడిగాను కదా. దానికి జవాబు నాకే దొరికింది. నవ్వాలి, తత్వం ఆలోచించాలి, ఇల్లు చక్కబెట్టుకోవాలి, అన్నీ ఒకేసారి అన్నాడట ఆయన. మొదటిది, మూడోది మానేసి రెండోది పట్టుకోమనలేదు.

నోట్‌బుక్ డైనింగ్ టేబుల్ మీదే వదిలేశాను. పొద్దున చూస్తే ఖాళీ కాలమ్‌లో మా ఆవిడ చేతిరాత. ‘తీరకపోతే: అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్ ఈ ఏడే చేయించొచ్చు.’ నేను అమ్మ కొడుకుని. నాకు అరగంటలో తట్టలేదు. చెక్కు చింపేశాను. ఇంకెప్పుడూ ప్లాటు కొననని చెప్పను. ఈ చెక్కు మాత్రం చింపాను.

ఒక సందేహం మిగిలింది. స్నేహితుల సొత్తు ఉమ్మడిది అని పైథాగరస్ అన్నాడు కదా, తోటలో కూడా అలాగేనా?

లైబ్రరీ మెట్లు · శుక్రవారం, ఉదయం 6:20

లేదు నాయనా. ఉమ్మడి పెట్టె అంటే ఒకరినొకరు నమ్మని లక్షణం అన్నాడు ఎపిక్యురస్. నమ్మనివాళ్లు స్నేహితులే కారన్నాడు. ఎవరిది వారి దగ్గరే ఉంటుంది, అవసరమైతే ఇస్తారు. స్నేహితుల సాయం కంటే, సాయం చేస్తారన్న ధీమాయే మనకు ఎక్కువ అక్కరకొస్తుంది అని కూడా అన్నాడు. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తేవాడు ఒకడున్నాడని తెలిస్తే, ఫోను చేయకుండానే నిద్రపడుతుంది.

కోడలు పిల్లకు నా ఆశీస్సులు చెప్పు.

నైట్‌డ్యూటీ సిస్టర్ · శుక్రవారం, ఉదయం 7:00

లెడ్జరు గారూ, ఆపరేషన్‌కు ముందు షుగరు అదుపులో పెట్టించండి. ఫిజియోథెరపీ మొదటి ఆరు వారాలు మానొద్దు, నొప్పంటే జాలిపడి ఆపకండి. రిపోర్టులు తీసుకున్నాక ఏమైనా అనుమానం ఉంటే అడగండి.

గన్నేరు చెట్టు · శనివారం, రాత్రి 8:40

అందరికీ థ్యాంక్స్. నాలుగు రోజులు జవాబు రాయలేకపోయాను.

మా తమ్ముడికి ఇంజనీరింగ్ నుంచి నలుగురు స్నేహితులు. వాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి వాడి నంబరు ఇంకా తీసెయ్యలేదట. ఒకబ్బాయి పెళ్లికార్డు కూడా అందులో పెట్టాడట, వాడికి పంపినట్టు. ఇది నాకు మొన్నటిదాకా తెలియదు. మొన్న మాస్టారు రాసింది ఒకబ్బాయికి పంపితే, అప్పుడు చెప్పాడు. నేను బాధపడతానని ఇన్నాళ్లూ మా ఇంటికి రాలేదట. వాళ్లు వస్తే అమ్మ ఏడుస్తుందేమోనని నేనూ పిలవలేదు.

ఈ ఇరవయ్యో తారీఖున రమ్మన్నాను. ముగ్గురు వస్తామన్నారు, నాలుగో అబ్బాయి బెంగళూరు నుంచి వీడియోలో ఉంటానన్నాడు. అమ్మ వంకాయ పులుసుపచ్చడి చేస్తానంది. వాడు పోయాక మా ఇంట్లో వంకాయ కొనలేదు. కాల్చడానికి పెద్దవి, లేతవి ఎక్కడ దొరుకుతాయో చూడమని ఇందాకే నన్ను రైతుబజారుకు పంపింది.